పెంచి నేర్చుకున్న పాఠం

వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి నాకు రెండుసార్లు ఫోన్ చేశాడు. "మీ రోజుల్లో కాలేజి ఎలా ఉండేదో వ్రాయండి సార్, అది చాలు" అన్నాడు. మా రోజుల గొప్పలు ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. హాస్టల్ పప్పుచారు మీద, ఎన్నికల గోడవ్రాతల మీద, రిటైరైన మాస్టార్ల మీద కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుచేత ఎలుకల గురించి వ్రాస్తున్నాను. నవ్వవద్దు. నవ్వినా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇందులో మన జువాలజీ లాబ్‌కు సంబంధించిన ఒక ప్రతిపాదన ఉంది.

మాది చోడవరం. ఇప్పుడంటే 2022 నుంచి అనకాపల్లి జిల్లా అయింది గాని, మా తరానికి అది విశాఖపట్నం జిల్లాయే. మా ఊళ్లో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి ఉంది. పరీక్షకు వెళ్లే పిల్లవాడి దగ్గర్నించి పెళ్లిచూపులకు వెళ్లే పెద్దవాడి దాకా అక్కడ గుంజీళ్లు తీసి వెళ్లవలసిందే. దేవుడికి పెట్టిన దండంలో కొంత ఆయన వాహనానికీ చేరుతుంది గదా. గుడి దాటి పొలాల్లోకి వెళితే మాత్రం లెక్క వేరు. అక్కడ మూషికం వాహనం కాదు, శత్రువు.

చెరకు వేసేవాళ్లకు ఆ శత్రుత్వం సంగతి చెప్పనక్కరలేదు. వానకు, గాలికి తోట పడిపోయిందంటే కింద ఎలుకలకు పందిరి వేసినట్టే. మొదలు దగ్గర కణుపులు కొరుకుతాయి. కొరికిన గడ ఎండుతుంది, లేదా లోపల రసం పులుస్తుంది. అలాంటి గడ గానుగలో పడితే బెల్లం పాకానికి రాదు, వచ్చినా రంగు ఉండదు. అనకాపల్లి మార్కెట్‌లో రంగులేని బెల్లానికి ఏ ధర పలుకుతుందో మా నాన్న ముఖం చూస్తే తెలిసేది. మాకున్నది మూడెకరాలు. నా కాలేజి ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు, అప్ప పెళ్లి బాకీ అన్నీ ఆ మూడెకరాల్లోంచే రావాలి.

1981 సంక్రాంతి సెలవులు. నేను బి.యస్సీ. రెండవ సంవత్సరం. ఇంటికి వెళ్లేసరికి ఒక పక్క చెరకు నరుకుతున్నారు, రెండో పక్క మడిలో ఎలుకలు పాడు చేస్తున్నాయి. "సైన్సు చదువుతన్నావు గదా, ఆ మందేదో నువ్వే కలుపు" అన్నాడు నాన్న. నాకు గర్వమే కలిగింది. మొదట రెండు రోజులు నూకలకు నూనె రాసి, మందు లేకుండా కన్నాల దగ్గర పెట్టాను. ఎలుకకు అనుమానం జాస్తి, కొత్త తిండిని ఒక్కసారే తినదు. అలవాటు పడ్డాక మూడోరోజు అదే నూకల్లో జింక్ ఫాస్ఫైడ్ కలిపి పెట్టాను. అంటే రెండు రోజులు నమ్మించి మూడోరోజు చంపానన్నమాట. ఇది తప్పని ఇప్పుడు కూడా అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి చచ్చినవాటిని ఏరి గోతిలో పూడుస్తున్నాను. ఒకటి కన్నం మూతి దగ్గరే పడి ఉంది. ఎత్తి చూస్తే పొట్ట కింద పాలచన్నులు ఉబ్బి ఉన్నాయి. అక్కడే ఆగిపోయాను. పార తెచ్చి కన్నం తవ్వితే, ఎండు చెరకాకు చీలికలతో మెత్తగా చేసిన గూటిలో అయిదు పిల్లలు. ఒళ్లంతా పలచగా నూగు, కళ్లు ఇంకా విడలేదు. అంటే వారం రోజులవి అయి ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే చల్లగా ఉన్నాయి. అయిదూ నోళ్లు తెరుస్తున్నాయి గాని చప్పుడు లేదు.

చప్పుడు ఎందుకు లేదో తరువాత తెలిసింది. చలివేసినా, గూటికి దూరమైనా ఎలుకపిల్ల అరుస్తూనే ఉంటుంది. అయితే ఆ కేక సెకనుకు సుమారు నలభైవేల కంపనాలది. మన చెవి ఇరవైవేల దగ్గరే ఆగిపోతుంది. తల్లికి వినిపిస్తుంది, మనకు వినిపించదు. తల్లి ఆ కేక విని వచ్చి, పిల్లను నోట కరిచి గూటికి చేరుస్తుంది. ఆవేళ ఆ అయిదూ కేకలు వేస్తూనే ఉన్నాయి కాబోలు. వినవలసింది నా పార పక్కన పడి ఉంది.

తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చాను. నాన్న చూశాడు.

"ఏట్రా అది?"

"ఎలకపిల్లలు నాన్నా."

"ఎందుకూ?"

సమాధానం లేదు. "పంట తిన్నదాని పిల్లలకి పాలు పోస్తావేట్రా? రేపు పెద్దయి మళ్లీ మన మడిలోకే గదా వెళ్తాయి!" అన్నాడు. ఆ మాటకు అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నలభై ఏళ్లు దాటినా ఇప్పుడు కూడా పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఈ వ్యాసం ఆ మాట చుట్టూ తిరిగేదే.

మొదటి రాత్రే ఒకటి చనిపోయింది. నాకు పాలు పట్టాలన్న ఆత్రమే గాని, ముందు వేడి ఇవ్వాలన్న జ్ఞానం లేదు. ఆ వయసులో ఎలుకపిల్ల తన ఒంటివేడిని తాను నిలుపుకోలేదు. ఒళ్లు చల్లబడితే పొట్టలోకి వెళ్లిన పాలు అరగవు. కాబట్టి ముందు వెచ్చదనం, తరువాతనే తిండి. రెండోరోజు ఒక సీసాలో వేడినీళ్లు పోసి, పాతగుడ్డ చుట్టి, చెక్కపెట్టెలో ఒక మూల పెట్టాను. ఒక మూలే ఎందుకంటే, వేడి ఎక్కువైతే పిల్ల పాక్కుంటూ పక్కకు పోవడానికి చోటుండాలి.

రెండోది నా చేతుల్లోనే పోయింది. ఇంకు ఫిల్లర్‌తో పాలు పడుతున్నాను. మనిషి బిడ్డకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టి పట్టాను. ముక్కులోంచి పాలబుడగ వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నమాట. ఎలుకపిల్ల తల్లి కింద బోర్లా ఉండి తాగుతుంది. మనమూ అలాగే పట్టాలి, అదీ చుక్క చుక్కగా, అది చప్పరించిన మేరకే. ఆ వయసు పిల్లకు పొట్టచర్మం పలచన గనుక తాగిన పాలు తెల్లగా పట్టీలాగ బయటికి కనిపిస్తాయి. ఆ తెలుపు కనిపిస్తే చాలు, ఆపెయ్యాలి.

మిగిలిన మూడూ తాగుతున్నాయి గాని పొట్టలు బిగుసుకుపోతున్నాయి. అప్పుడు మా మామ్మ వచ్చి చూసింది. అక్షరం ముక్క రాని మనిషి. "ఓరి ఎర్రిబాగులోడా, పిల్లి పిల్లల్ని నాకడం ఎప్పుడూ సూడనేదా? నాకితేనే గదా పిల్ల ఉచ్చోసేది! నువ్వు పాలోసీసి వూరుకుంటే లోపలికెల్లింది బయటికెలా వస్తాది?" అంది. వేడినీళ్లలో గుడ్డ తడిపి, పిండి, వాటి పొత్తికడుపు కింద మెల్లగా తుడిచింది. అరనిమిషంలో ఫలితం గుడ్డ మీద కనిపించింది. నిజమే, కళ్లు విడే దాకా ఆ పిల్లలు తమంత తాము విసర్జించలేవు. తల్లి నాలుక చేసే పని అది. ఈ సంగతి నా బి.యస్సీ. పాఠ్యపుస్తకంలో లేదు. ఎలుక మూత్రపిండం బొమ్మ ఉంది, భాగాల పేర్లు ఉన్నాయి, బొమ్మకు మార్కులు ఉన్నాయి. ఈ ముక్క మాత్రం లేదు.

మూడోది అయిదోరోజున విరేచనాలు పట్టుకొని పోయింది. దానికి కారణం ఆవుపాలు. ఎలుకపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలకన్నా రెండింతలకు పైగా ఉంటాయి, పాలచక్కెర తక్కువ. ఆవుపాలు దానికి ఒకవైపు చాలవు, మరోవైపు పడవు. ఇవాళ పిల్లికూనలకు, కుక్కకూనలకు పట్టే పాలపొడి పట్నంలో దొరుకుతోంది, అది మేలు. ఆ రోజున చోడవరంలో నాకు తెలిసింది ఒక్కటే. ఆవుపాలు మానేసి, మేనత్త కొడుక్కి తెచ్చిన డబ్బాపాలు అడిగి తెచ్చుకున్నాను.

రెండు మిగిలాయి. రెండు మూడు గంటలకొకసారి పట్టాలి, రాత్రుళ్లు సైతం. లాంతరు పెట్టుకొని లేచేవాణ్ణి. నాన్న నిద్రలో అటు తిరిగి, "పరీచ్చలకి ఇలా లేస్తే ఫస్టుక్లాసొచ్చీది" అనేవాడు. అయితే పెట్టె మీద పిల్లి పడకుండా ఇనపజాలీ బిగించింది కూడా నాన్నే.

రెండు వారాల వయసుకు వాటి కళ్లు విడ్డాయి. పెట్టె మూల వేసిన మెత్తటి అన్నం మెతుకును ఒకటి ముందుకాళ్లతో పట్టుకొని కొరికింది. అది చూసి నేను వేసిన కేకకు వీధిలోవాళ్లు వచ్చారు. అక్కణ్ణించి పాలు తగ్గించి, నానబెట్టిన అటుకులు, ఉడికిన పెసలు, దోసగింజలు పెట్టడం మొదలుపెట్టాను. పాలు మాన్పడమంటే ఒకనాడు పాలు ఆపేయడం కాదు. తిండి పెంచుతూ పోతే పాలు వాటంతట అవే మానతాయి. లాబ్‌లో తెల్ల ఎలుక పిల్లను సాధారణంగా ఇరవైఒక్క రోజులకు తల్లి నుంచి వేరు చేస్తారు. తల్లి లేని పిల్లను ఇంకొన్నాళ్లు కనిపెట్టుకోవడం మంచిది.

ఇంతలో సెలవులు అయిపోయాయి. హాస్టల్‌కు తీసుకుపోవడం కుదరదు. "ఉంచెల్లు, సూస్తాంలే" అంది అమ్మ. నెల తరువాత వెళ్లేసరికి ఒకటి లేదు. జాలీ తీసిన సందులో పిల్లి పట్టుకుపోయిందట. రెండోది నాన్న మోకాలి మీద కూర్చుని వేరుశెనగ పలుకు తింటోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుంటే నాన్న కొంచెం సిగ్గుపడ్డాడు. "మడిలో ఉన్నది దొంగ. ఇది మనం సాకిన పిల్ల. ఆ లెక్కేరు, ఈ లెక్కేరు" అన్నాడు. అదే వారం మడిలో మళ్లీ మందు పెట్టించాడు. అది మా ఇంట్లో ఏడాదిన్నర బ్రతికింది.

ఇందులో వైరుధ్యం ఉందంటారా? ఉంది. మా నాన్న దాన్ని దాచుకోలేదు. పంటను కాపాడుకోవాలి, చేతిలోకి వచ్చిన ప్రాణాన్నీ కాపాడుకోవాలి. రెండూ ఒకే మనిషి పనులే. మొదటిది ఒక్కటే చేస్తే మనిషి మొద్దుబారతాడు. రెండోది ఒక్కటే చేస్తే మూడెకరాల రైతు అప్పులపాలవుతాడు. చదువు అనేది ఈ రెంటినీ ఒకే బుర్రలో పట్టి ఉంచే శక్తిని ఇవ్వాలని నా అభిప్రాయం.

ఇక లాబ్ సంగతి. ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో నాకు తెల్ల ఎలుక వచ్చింది. క్లోరోఫాం వాసన, మైనపు పళ్లెం, నాలుగు కాళ్లకు గుండుసూదులు. కోశాను. జీర్ణవ్యవస్థ విడదీసి, నల్లకాగితం ముక్కలు పెట్టి చూపించాను. మంచి మార్కులే వచ్చాయి. కోసింది పాపమని నేను అనడం లేదు. కాని పొట్ట తెరిచినప్పుడు, రెండు నెలల కిందట ఆ పొట్టలోనే తెల్లటి పాలపట్టీని బయటినుంచి చూసిన వాణ్ణి గదా, చెయ్యి ఒక క్షణం ఆగింది. పక్కనున్నవాళ్ల చేతులు ఆగలేదు. వాళ్లు కఠినాత్ములని కాదు. వాళ్లు చచ్చిన ఎలుకను మాత్రమే చదివారు.

ఇప్పుడు ఆ కోత కూడా లేదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2011లో కోతలు తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో జువాలజీ, జీవశాస్త్రాల కోర్సుల్లో జంతువుల కోతను నిలిపివేయమంది. మంచిదే. ఏటా దేశంలో లెక్కలేనన్ని కప్పలు, ఎలుకలు ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ చూపించడానికి చచ్చేవి, అది ఆగింది. కాని ఆ ఖాళీలోకి ఏం వచ్చింది? కంప్యూటర్ తెరమీద బొమ్మ వచ్చింది, గోడకు చార్టు వచ్చింది. ఈ మధ్య ఒక కాలేజిలో (మనది కాదులెండి, పేరు వద్దు) జువాలజీ చదివే అమ్మాయిని అడిగాను: "ఎలుకను ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నావామ్మా?" అని. "ఛీ, లేదంకుల్" అంది. చంపి నేర్చుకునే పద్ధతి పోయింది. పెంచి నేర్చుకునే పద్ధతి రాలేదు. విద్యార్థికి ఇప్పుడు కత్తీ లేదు, ప్రాణీ లేదు.

పెంచితే ఏం తెలుస్తుందంటారా? విజ్ఞానశాస్త్రమే సాక్ష్యం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో సాల్ షాన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకపిల్లల ఎదుగుదల మీద పనిచేశాడు. తల్లినుంచి వేరు చేస్తే పిల్లల్లో ఎదుగుదలకు కావలసిన హార్మోను పడిపోయింది. తడిపిన కుంచెతో, తల్లి నాకినట్టుగా ఒళ్లు నిమిరితే మళ్లీ మామూలు స్థితికి వచ్చింది. మా మామ్మ తడిగుడ్డకూ ఆయన కుంచెకూ ఎంత దూరమో మీరే చెప్పండి. ఆ దారిలోనే టిఫనీ ఫీల్డ్ అనే ఆవిడ, షాన్‌బర్గ్ మొదలైనవారితో కలిసి నెలలు నిండకుండా పుట్టిన మనుషుల బిడ్డలకు రోజుకు మూడుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పది రోజులపాటు ఒళ్లు నిమిరించి చూసింది. 1986లో ప్రకటించిన ఫలితం ప్రకారం ఆ బిడ్డలు మిగతావాళ్లకన్నా రోజుకు 47 శాతం ఎక్కువగా బరువు పెరిగారు. కెనడాలో మైకేల్ మీనీ, ఆయన సహచరులు 1997లో మరో సంగతి చూపించారు. తల్లి ఎక్కువగా నాకి సాకిన ఎలుకపిల్లలు పెద్దయ్యాక బెదురు తక్కువగా, నిబ్బరంగా ఉంటాయట. ఎలుకపిల్లను ఎవరో ఓపికగా గమనించబట్టే గదా ఇవన్నీ తెలిశాయి!

అంతదూరం వద్దు, మన తిండి సంగతే చూడండి. రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు నీలగిరుల్లో కూనూరులో ఎలుకల్ని పెంచి, దేశంలోని వేర్వేరు ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు గల సిక్కుల తిండి మీద పెరిగినవి సగటున 235 గ్రాములు తూగాయి. బియ్యమే ప్రధానమైన మద్రాసీ తిండి మీద పెరిగినవి 155 గ్రాములే తూగాయి. మద్రాసీ అంటే ఎవరో కాదు, మన జిల్లా కూడా ఆనాడు మద్రాసు రాజధానిలోనిదే. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన పిల్లలు ఏం తింటే ఎదుగుతారో చెప్పిన శాస్త్రంలో ఎలుక అప్పు చాలా ఉంది.

దీనికి ఎదురు చెప్పేవాళ్లున్నారు, వాళ్ల మాటలు కొట్టిపారేసేవి కావు. మొదటిది జబ్బులు. ఎలుక మూత్రంతో కలుషితమైన నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది. 1994లో సూరత్‌లో ప్లేగు పేరు వినగానే జనం రైళ్లెక్కి పారిపోయారు. కాబట్టి ఈ వ్యాసం చదివి పొలంలో దొరికిన పిల్లల్ని ఇంటికి తెచ్చుకోమని నేను ఎవరికీ చెప్పను. నేను చేతులకు తొడుగు కూడా లేకుండా చేశాను, అది అజ్ఞానం. గూడు కదిలినా తల్లి బ్రతికి ఉందనిపిస్తే గూడు కప్పి దూరంగా పొండి. మీ చెయ్యి కన్నా దాని నోరే నయం. తల్లి లేదని తేలి, మనసొప్పక తెచ్చుకుంటే మాత్రం చేతికి తొడుగు, ప్రతిసారీ సబ్బు, వంటింటికి దూరం, ఇంట్లో పసిపిల్లలకు దూరం. అన్నిటికన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పెరిగాక దీన్ని ఏం చేస్తాను? చేతిమీద పెరిగిన దాన్ని మడిలో వదిలితే రైతుకు నష్టం, దానికి చావు. సాకితే చివరిదాకా సాకాలి. ఆ ఓపిక లేకపోతే మొదలుపెట్టకూడదు.

రెండోది మా నాన్న మాట, పంట. ఎలుకల్ని అదుపులో పెట్టవలసిందే. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఎలుకను, కాకిని హానికర ప్రాణుల షెడ్యూలులో పెట్టింది. 2022 సవరణలో ఆ షెడ్యూలే తీసివేశారు. షెడ్యూలు తీసేసినంత మాత్రాన ఎలుక కొరకడం మానదు గదా. కాని ఎలుకను తెలిసినవాడే తక్కువ మందుతో ఎక్కువ పంట దక్కించుకోగలడు. గట్లు వెడల్పుగా ఉంటే కన్నాలు పెడుతుంది, సన్నం చేస్తే చోటుండదు. ఒక్కడు మందు పెడితే పక్క మడిలోంచి వస్తాయి, ఊరంతా ఒకేసారి పెట్టాలి. పంట పొట్టకు రాకముందే, ఈతలు మొదలు కాకముందే పెడితే, నేను తవ్విన గూడు లాంటివి తవ్వవలసిన అవసరం చాలామటుకు ఉండదు. గుడ్లగూబ వాలడానికి మడిలో నాలుగు కర్రలు పాతితే రాత్రి కాపలా అదే చూసుకుంటుంది. ఇవన్నీ వ్యవసాయ శాఖవాళ్లు చెప్పేవే. ఎలుక ఎన్నాళ్లకు ఈనుతుందో, ఎన్నాళ్లకు పాలు మానుతుందో తెలిసినవాడికి ఆ మాటలు వెంటనే బుర్రకెక్కుతాయి. దయ వల్ల రైతు నష్టపోడు. తెలివితక్కువతనం వల్లనే నష్టపోతాడు.

ఇక నా ప్రతిపాదన. మన జువాలజీ విభాగంలో ఏడాదికొక పెంపకం ప్రాక్టికల్ పెట్టండి. పొలం ఎలుకలు వద్దు. అనుమతి గల చోటి నుంచి, 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం కింద పనిచేసే కమిటీ నియమాల ప్రకారం, ఆరోగ్యమైన తెల్ల ఎలుకల జత ఒకటి తెండి. ఈనడానికి సుమారు మూడు వారాలు, పాలు మానడానికి మరో మూడు వారాలు. ఒక సెమిస్టరులో హాయిగా సరిపోతుంది. నలుగురేసి విద్యార్థుల జట్లు చేయండి. పుట్టినప్పుడు అయిదారు గ్రాములుండే పిల్ల ఏ రోజుకు ఎంత పెరిగిందో తూచి గ్రాఫు గీయనివ్వండి. చెవులు ఎప్పుడు విడ్డాయి, బొచ్చు ఎప్పుడు వచ్చింది, కళ్లు ఎప్పుడు తెరిచింది, మొదటి గింజ ఎప్పుడు కొరికింది, అన్నీ రిజిస్టరులో తేదీ వేసి వ్రాయమనండి. ఆఖరున సూది వద్దు, కోత వద్దు. పెరిగిన వాటిని ఆడ, మగ వేరు చేసి, లాబ్‌లోనే చివరిదాకా ఉంచండి, లేదా బాధ్యత గల ఇళ్లకు వ్రాతపూర్వకంగా అప్పగించండి. దీనికి మార్కులు రిజిస్టరుకే ఇవ్వండి.

ఖర్చు ఎవరు పెడతారని ప్రిన్సిపాల్ గారు అడుగుతారు. రెండు బోనులు, ఒక త్రాసు, గింజలు. పూర్వ విద్యార్థులం మేమున్నాం, మొదటి సంవత్సరం ఖర్చు నాది. వాసన వస్తుందంటారు. రోజూ ఊడిస్తే రాదు, ఊడవడం కూడా పాఠమే. సంక్రాంతి సెలవుల్లో అందరూ ఊళ్లకు పోతే ఎవరు చూస్తారంటారు. ఆ ప్రశ్న కోసమే ఈ ప్రాక్టికల్ పెట్టమంటున్నాను. ప్రాణికి సెలవులుండవు. ఎవరు ఆగాలి, ఎవరు ఎవరికి వంతు మార్చుకోవాలి, పండగ నాడు ఎవరు వచ్చి నీళ్లు మార్చాలి అని నలుగురు పిల్లలు కూర్చుని కాగితం మీద వ్రాసుకునే రోజున వాళ్లకు తెలిసేది ఏ సిలబస్‌లోనూ లేదు. రేపు వీళ్లలో ఒకరు నర్సు అవుతారు, ఒకరు వ్యవసాయాధికారి, ఒకరు టీచరు. చాలామంది తల్లిదండ్రులు అవుతారు. అర్ధరాత్రి లేచి మరో ప్రాణికి గుక్కెడు పాలు పట్టడం అందరికీ అక్కరకు వచ్చే విద్యే.

మొన్న వినాయకచవితికి ఊరు వెళ్లాను. పాత ఇల్లు పడగొట్టి తమ్ముడు డాబా వేశాడు. అటక మీది సామాను దించుతుంటే ఆ చెక్కపెట్టె దొరికింది. నాన్న బిగించిన ఇనపజాలీ తుప్పుపట్టి ఉంది, పక్కకు ఒక చిన్న తలుపు. దానికి గొళ్లెంగా గానుగ బండి మేకు ఒకటి వంచి పెట్టాడు. నేను చేసినప్పుడు పెట్టెకు తలుపు లేదు. ఒకటి పిల్లి పాలయిన తరువాత నాన్న పెట్టినది కాబోలు, నాకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ పెట్టె తెచ్చుకున్నాను. లాబ్‌లో బోను కొనేదాకా నమూనాకు కావాలంటే ఇస్తాను. జాలీ మాత్రం మార్చుకోవాలి.